పనివేళల్లో నీడ

మా వదిన సూర్యుడికి మెమో ఇచ్చింది. పనివేళల్లో నీడలో కూర్చున్నందుకు సంజాయిషీ అడిగింది. సూర్యుడు మూడు రోజులు మబ్బు చాటున దాక్కుని, నాలుగో రోజు తల వంచుకుని డ్యూటీకి వచ్చాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఒక్క నిమిషం ఆలస్యం చేసింది లేదు. అనుమానముంటే రేపు పొద్దున్నే లేచి చూసుకోండి.

నేను చెప్పే మాటలకు మా ఇంట్లో పెద్ద విలువ లేదు. డిప్లొమా రెండో ఏడాదిలో కాలేజీ నన్ను భరించలేక, నేను కాలేజీని భరించలేక, ఇద్దరం మర్యాదగా విడిపోయాం. అప్పటినుంచి ఒక కొట్టులో కాలిపోయిన సర్క్యూట్ బోర్డులు బాగుచేస్తున్నాను. మా ఊళ్లో నేను ముట్టుకుంటే వెలగని బల్బు లేదు. వదిన మాత్రం నన్ను కోతలరాయుడు అంటుంది. పూర్తిగా అనే ఓపిక లేనప్పుడు ‘రాయుడూ’ అని సరిపెడుతుంది.

వదిన పనిచేసేది పరీక్షల కంపెనీలో. ఏ వస్తువు ఎంతకాలం బతుకుతుందో చెప్పడం వాళ్ల వ్యాపారం. కింది అంతస్తులో ఒక యంత్రం తలుపు గొళ్లేన్ని వేస్తూ తీస్తూ ఉంటుంది. దాని పక్కన ఇంకో యంత్రం చెప్పుల్ని వంచుతూ ఉంటుంది. వదినది డాబా. ఎండ డిపార్టుమెంటు. అందులో మొత్తం సిబ్బంది ఇద్దరు: వదిన, సూర్యుడు.

ఎండలో పెట్టేది సర్క్యూట్ బోర్డుల్ని. మీ ఇంట్లో ఏ పెట్టె విప్పినా లోపల ఒక పచ్చ పలక కనిపిస్తుంది కదా, అదే. అది చూడ్డానికి గట్టిదే. గాజునూలు బట్టను పొరలు పొరలుగా జిగురులో ముంచి, వేడిలో నొక్కి చేస్తారు. దాని మీద రాగి గీతలు, రాగి మీద పచ్చపూత. చీకటి పెట్టెలో ఉంటే మనకంటే ఎక్కువకాలం బతుకుతుంది. ఎండ తగిలిందా, కథ మారిపోతుంది. ఎండ మొదట ఆ పచ్చదనాన్ని లాగేస్తుంది. పూత పొడిబారి, వేలితో రుద్దితే సుద్దలా అంటుకుంటుంది. తర్వాత పలక ముసలాయన పళ్లలా పసుపెక్కి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత జిగురు అరిగిపోయి గాజునూలు పైకి తేలుతుంది. ఇక గాలిలో తడి ఆ నూలు పట్టుకుని లోపలికి దిగుతుంది. ఒకదానికొకటి మాటల్లేని రెండు రాగి గీతల మధ్య కరెంటు దొంగదారిన పాకడం మొదలుపెడుతుంది. అక్కడితో బోర్డు పని అయిపోయినట్టే. అలాంటివి నా కొట్టుకు వారానికి నాలుగు వస్తాయి.

ఆ పరీక్షకు వదిన వాళ్ల పద్ధతి ఒకటుంది. ప్రతి బోర్డునూ నిలువునా రెండు ముక్కలు కోస్తారు. ఒక ముక్క డాబా మీద ఎండలో, రెండోది కింద చీకటి గదిలో, సొరుగులో. వీటిని కవలలు అంటారు. ఎండబిడ్డ, నీడబిడ్డ. వంద రోజులకోసారి ఎండబిడ్డను కిందికి దింపి నీడబిడ్డ పక్కన పడుకోబెట్టి, ఎవరు ఎంత ముసలైపోయారో చూస్తారు. రంగును కంటితోనే చూడాలి. అందుకని పరీక్ష ఎవరు మొదలుపెడితే వాళ్లే ముగించాలి, మధ్యలో కన్ను మారకూడదు అని రూలు. ఒకరి కంటికి గోధుమ, ఇంకొకరి కంటికి తేనె అయితే బోర్డులిచ్చిన పార్టీ ఒప్పుకోదు.

మా వదిన మొదలుపెట్టింది వెయ్యి రోజుల పరీక్ష. వీధిదీపాల పెట్టెలు చేసే కంపెనీ ఒకటి, పన్నెండు బోర్డులు ఇచ్చింది. పెట్టెకు లోపలి సూచిక దీపం కనపడాలని గాజులాంటి మూత పెడతారట. ఆ మూతలోంచి దీపం బయటికి కనపడుతుంది, ఎండ లోపలికి పడుతుంది. కాబట్టి ఆ పలక ఎండకు ఆగుతుందో లేదో తెలియాలి. ఏటవాలు చట్రం మీద పై వరస ఆరు, కింది వరస ఆరు. పన్నెండులో ఎనిమిది నిలబడితే పాస్.

డాబా మీదికి నలభై ఒక్క ఇనప మెట్లు. పైన తెల్లరంగు వేసిన నేల, మధ్యాహ్నం దాన్ని చూస్తే కళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది. అక్కడ మోకాలికి మించి ఎత్తున్న వస్తువు ఏదీ ఉండకూడదు, నీడ పడుతుందని. నీళ్ల తొట్టి లేదు, గది లేదు, బట్టలారేసే తీగ కూడా లేదు. ఒక పిట్ట వచ్చి చట్రం మీద వాలితే వదిన దాన్ని పేరుపెట్టి పిలిచి దిగిపొమ్మనేది. అది ‘సారీ మేడం’ అని ఎగిరిపోయేది. ఇది నేను కళ్లారా చూశాను.

పొద్దున్న ఎనిమిదికి ఎక్కి చట్రం తుడవాలి. పన్నెండుకు ఎక్కి, ఎండను కొలిచే చిన్న గాజు గిన్నె ఎంత చూపించిందో రాయాలి. మూడింటికి మళ్లీ ఎక్కి, బోర్డుల రంగు, వేడి, గాలిలో తడి, గిన్నె లెక్క రాయాలి. ఆ మూడో విడతకు ముప్పావుగంట పట్టేది. సెలవు పెడితే రెండు విడతలు ఇంకెవరో చేస్తారు గాని, మూడో విడత రంగు చూసేది, కన్ను మార్చకూడనిది. అందుకని వదినకు రెండున్నరేళ్లలో పూర్తి సెలవు లేదు. తన చెల్లెలి పెళ్లికి కూడా మూడింటికి డాబా ఎక్కి దిగి, ఫొటోలు అయిపోయాక వెళ్లింది. ఆ ఫొటోల్లో వదిన లేదు.

నాలుగు వందల రోజులు దాటేసరికి వదిన కుడికంట్లో, ముక్కు వైపు తెల్లగుడ్డు మీద ఒక చిన్న కండ లేచింది. మా అన్నయ్య నలక అనుకుని ఊదాడు. అది పోలేదు. కంటి డాక్టరు దీపం వేసి చూసి, “ఏం పని చేస్తావమ్మా?” అని అడిగాడు.

“ఎండలో బోర్డులు ఎంతకాలం ఆగుతాయో చూస్తానండీ.”

“మరి నువ్వెంతకాలం ఆగుతావో ఎవరు చూస్తున్నారు?” అన్నాడాయన. కండ నల్లగుడ్డు మీదికి పాకితే చూపు మసకబారుతుందని, కోసినా ఎండలో తిరిగితే మళ్లీ పెరుగుతుందని, నీడపట్టున ఉండే పని చూసుకోమని చెప్పాడు.

నీడపట్టున ఉండే పని ఆ కంపెనీలో ఒకటే ఉంది, చీకటి గది. నీడబిడ్డల సొరుగులు కాపాడే పెద్దాయన ఒకరున్నారు. అందరూ చీకటి బాబాయి అంటారు. ఆయనకు రిటైర్మెంటు దగ్గరపడింది. తేదీ చూస్తే సరిగ్గా వెయ్యి రోజులు ముగిసే వారమే. మేనేజరు వదినను పిలిచి, “పరీక్ష ముగించు, మర్నాడే ఆ కుర్చీ నీది. ముగియకపోతే మాత్రం ప్యాకింగు ఆవిడకు ఇవ్వాలి, ఆవిడ కూడా అడుగుతోంది,” అని చెప్పేశాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో క్యాలెండరు మారిపోయింది. ఇవాళ ఏ వారం అంటే ఎవరికీ తెలియదు. ఇవాళ ఎన్నో రోజు అంటే మా అన్నయ్య నిద్రలో కూడా చెప్పేవాడు. చెప్పడమంటే ఆయన రోజుకు మాట్లాడే ఆరు మాటల్లో అదొకటి.

ఆ మధ్యలో నేను ఒక గొప్ప పని చేశాను.

వేసవిలో ఒకరోజు డబ్బా మర్చిపోయిందని వదినకు భోజనం తీసుకెళ్లాను. వాచ్‌మన్ నాకు దోస్తు. వాళ్ల రేడియో నేనే బాగుచేశాను, అప్పటినుంచి అది అడక్కుండానే పాడుతోంది. డాబా ఎక్కి చూస్తే వదిన తలకు గుడ్డ చుట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, నేల మీద కూర్చుని రాస్తోంది. కన్ను ఎర్రగా ఉంది, నీరు కారుతోంది. కారిన నీరు కిందపడకముందే ఆవిరైపోతోంది. నాకు మనసాగలేదు. మర్నాడు పండ్లబండి వాళ్లు వాడే పెద్ద గొడుగు ఒకటి పట్టుకెళ్లాను. ఎనిమిది పుల్లలు, అంచుకు కుచ్చులు. చట్రానికి పక్కన, పొద్దువాలే వైపు చివర, అక్కడున్న పొట్టి గొట్టానికి బిగించాను.

“నీడ పడుతుంది, తీసెయ్,” అంది వదిన.

“ఎక్కడ పడుతుంది? చూడు!” మూడింటి నుంచి ఐదింటి దాకా నిలబడి చూపించాను. నీడ నేల మీద, చట్రానికి ముందు, దూరంగా పడింది. “ఈ గొడుగు నీడ నీ బోర్డుల వైపు కన్నెత్తి కూడా చూడదు వదినా. నేను లెక్కేశాను.”

“నువ్వు లెక్కేశావా?”

“ఏం, నేను లెక్కేస్తే లెక్క కాదా?”

వదిన చాలాసేపు నీడను చూసింది. తర్వాత గొడుగు కిందికి వచ్చి కూర్చుంది. నల్లద్దాలు తీసింది. “అబ్బ,” అంది. రోజూ మూడింటికి తెరిచి, దాని కింద కూర్చుని రాసుకుని, అలాగే వదిలి కిందికి దిగి, మిగతా పనులు చూసుకుని, ఐదింటికి ఎక్కి మూసేది. ఇంటికొచ్చాక కన్ను కడుక్కోవడం తగ్గింది. వారం రోజులు నేను ఇంట్లో రాజులా తిరిగాను.

నేను లెక్కేసింది వేసవి ఎండను. చలికాలంలో సూర్యుడు వాలుగా, పక్కకు జరిగి పోతాడనీ, నీడ పొడుగై తిరుగుతుందనీ మా డిప్లొమాలో ఒక పాఠం ఉందట. మూడో ఏడాదిలో. నేను రెండో ఏడాదిలోనే దిగిపోయాను.

తొమ్మిది వందలవ రోజున కవలల్ని పక్కపక్కన పెట్టారు. చీకటి గదిలో, సన్నని దీపం కింద. పై వరస ఆరింటిలో నాలుగు పోయినట్టే. గోధుమరంగు, సుద్ద, గాజునూలు, మీటరు ముల్లు కిందికి. రెండు మాత్రం ఎలాగో నిలబడ్డాయి. కింది వరస ఆరూ నిక్షేపంలా ఉన్నాయి. రెండూ ఆరూ ఎనిమిది. గట్టెక్కినట్టే.

మేనేజరు చప్పట్లు కొట్టాడు. చీకటి బాబాయి మాత్రం కింది వరస బోర్డొకటి తీసి, దీపం కింద తిప్పి, “అన్నదమ్ములంతా ఒకే ఎండలో పెరిగారంటావు, చిన్నోళ్లు మాత్రం అత్తారింటి నుంచి వచ్చినట్టు నిగనిగలాడుతున్నారేంటమ్మాయ్?” అన్నాడు.

“పూత మందంగా పడిందేమో బాబాయ్.”

“అంతే అయ్యుంటుంది.”

అంతే అయ్యుంటుందని వదిన ఇంటికొచ్చి నాతో అంది. అన్నయ్యతో అంది. గిన్నెలు తోముతూ గోడతో కూడా అంది. మూడుసార్లు అన్న మాట మీద మనిషికి నమ్మకం లేదని నాకు అప్పుడే తెలియాల్సింది.

తొమ్మిది వందల డెబ్బై ఒకటో రోజు. చలి మొదలై పది రోజులైంది. కింద పని లేక వదిన నాలుగింటికే డాబా ఎక్కింది, గొడుగు మూద్దామని. మెట్ల మీంచి తల పైకి పెట్టగానే చూసింది. చట్రం కింది వరస మీద, ఆరు బోర్డుల మీద, కుచ్చులతో సహా నీడ. నిమ్మళంగా, సొంత ఇంట్లో పడుకున్నట్టు పడుకుని ఉంది.

గొడుగు మూయలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, నీడ అంచు వెంబడే నేల మీదా చట్రం మీదా గీసింది. పది నిమిషాలకోసారి, ఎండ పోయేదాకా. ఆ సమయానికే నేను మధ్యాహ్నం ఇచ్చిన భోజనం డబ్బా వాపసు తీసుకుందామని ఎక్కాను. తెల్ల నేల కదా, నీలం సుద్దతో గీసింది. అలలు అలలుగా గీతలు, అన్నీ కింది వరస మీదుగానే పాకుతూ ఉన్నాయి.

“ఇదేంటి వదినా?”

“నీ లెక్క,” అంది.

నేను వంగి ఆ గీతల వెంట వేలు పెట్టి చూశాను.

“పోయిన చలికాలమంతా రోజూ మూడింటి నుంచి ఐదింటి దాకా ఇక్కడ గొడుగు ఉంది. ఎనభై రోజులు తక్కువ కాదు. నేనేమో నీడలో అటు తిరిగి కూర్చుని రాసుకున్నా, కిందికి దిగిపోయా. గిన్నె ఆ చివర ఉంది, దానికి నీడ తగల్లేదు. అది పూర్తి ఎండ చూపించింది. నేను పూర్తి ఎండ అని రాశా.” చట్రం వైపు చూసింది. “అవి నిలబడలేదు రాయుడూ. వాటికి గొడుగు పట్టాం.”

నేను గొడుగు మూసేశాను. గొట్టం నుంచి విప్పేశాను. “అయిపోయింది. ఎవరు చూశారు?” అన్నాను.

“నేను చూశా.”

“ఇరవై తొమ్మిది రోజులు వదినా! ఇరవై తొమ్మిది రోజులు కళ్లు మూసుకుంటే చాలు.”

“కళ్లు మూసుకుంటే బానే ఉంటుంది. కుడికన్ను మరీ బాగుంటుంది,” అంది.

ఆ కంపెనీలో ‘లోపం చీటీ’ అని ఒక కాగితం ఉంటుంది. ఏం జరిగింది, ఎప్పటినుంచి, కారణం, బాధ్యులు. నాలుగు గళ్లు. వదిన ఆ కాగితం ఒకటి తెచ్చుకుని నాలుగుగా మడిచి డ్యూటీ కోటు జేబులో పెట్టుకుంది. మూడు రోజులు అది జేబులోనే ఉంది. పొద్దున్న ఎనిమిదికి దానితో ఎక్కింది, దానితో దిగింది. పన్నెండుకు ఎక్కింది, దిగింది. మూడింటికి గొడుగు లేకుండా, నేల మీద, పాత చోటనే కూర్చుంది. ఆ మూడు రోజులూ మబ్బు పట్టింది. ఒక్క చినుకు పడలేదు, ఒక్క గీత ఎండ రాలేదు. నీడ గురించి రాయాలంటే నీడే లేదు.

మొదటి రోజు రాత్రి భోజనాలకు కూర్చున్నాం. అన్నయ్య వదిన కంచం వైపు చూసి, “తినట్లేదేం?” అన్నాడు.

“తింటున్నా కదా.”

“రాశావా?”

“లేదు.”

“చించేశావా?”

“లేదు.”

ఆయన ఆ రోజు కోటా మాటలు అక్కడికి అయిపోయాయి. లేచి వెళ్లి వదిన కంట్లో వేసే చుక్కల సీసా తెచ్చి కంచం పక్కన పెట్టాడు. రాయమన్నాడో, రాయొద్దన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

రెండో రోజు చీకటి బాబాయి వదినను పని నేర్చుకోమని చీకటి గదిలోకి పిలిచాడు. గది చిన్నది, కిటికీ లేదు, గోడలకు నల్లరంగు. సొరుగులు నేల నుంచి పైకప్పు దాకా. చల్లగా ఉంటుంది. కుర్చీ మీద కొత్త దిండు కూడా ఉంది, మేనేజరు ముందే వేయించాడు. వదిన కూర్చుంది. అరగంట కూర్చుందట. కంట్లోంచి నీరు కారడం ఆగిపోయింది. కండ లేచాక మొదటిసారి తన కన్ను తనకు గుర్తు రాలేదని చెప్పింది. తర్వాత సొరుగు లాగి, కింది వరస నీడబిడ్డ ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది.

“బాబాయ్, తొమ్మిది వందలవ రోజున మీకు తెలిసింది కదా?”

“నాకేం తెలుస్తుందమ్మాయ్. నేను ఎప్పుడూ చీకట్లోనే ఉన్నా,” అన్నాడాయన. చేత్తో సొరుగు చూపిస్తూ, “ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లకు రోజూ ఈ సొరుగు తీసే పని ఉంటుంది. అదొక్కటి చూసుకో,” అన్నాడు.

ఆ సాయంత్రం నేను వదిన కాళ్లావేళ్లా పడ్డాను. “బాధ్యులు అన్న చోట నా పేరు రాయి. గొడుగు నాది, లెక్క నాది, తప్పు నాది. నాకేం పోతుంది? నన్ను తీసెయ్యడానికి నాకు అక్కడ ఉద్యోగం కూడా లేదు.”

“నీ పేరు రాస్తే బయటి మనిషిని డాబా మీదికి రానిచ్చానని ఇంకో చీటీ రాయాలి. తర్వాత వాచ్‌మన్‌కు ఒకటి. ఉన్న గళ్లు చాలవు.”

“పోనీ ఎవరిదీ కాదని రాయి. గాలికి ఎగిరొచ్చింది అని రాయి.”

“ఎనభై రోజులు, రోజూ మూడింటికి, కరెక్టుగా ఎగిరొచ్చిందా?”

“మంచి గాలి వదినా. టైము తెలిసిన గాలి.”

వదిన నవ్వింది. మూడు రోజుల్లో అదొక్కటే నవ్వు. నవ్వుతూనే, “వీధిలో దీపాలు ఆరిపోతే ఎవరి కొట్టుకొస్తాయి ఆ బోర్డులు?” అంది.

“నా దగ్గరికే.”

“అప్పుడేం చేస్తావు?”

“బాగుచేస్తా.”

“గాజునూలు తేలిన పలకను బాగుచెయ్యడం నీకు వచ్చా?”

నాకు రాని పని లేదని నేను ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. ఆ ఒక్కసారి చెప్పలేకపోయాను. గాజునూలు తేలిందంటే బోర్డు పారెయ్యడమే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

నాలుగో రోజు ఎండ వచ్చింది. వదిన చీటీ నింపి మేనేజరు బల్ల మీద పెట్టింది. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో వదిన నాకు చెప్పింది, నేను ఒక్క ముక్క కూడా కలపలేదు. నమ్మండి, ఇందులో కలపడానికేమీ లేదు.

మేనేజరు చీటీ చదివి, తలుపు వేసి వచ్చి, “అమ్మా, బయట వస్తువన్నాక ఎప్పుడో ఒకప్పుడు నీడ తగలదా? మబ్బు వస్తుంది. మబ్బు కూడా నీడే. దీన్ని మబ్బు అనుకోకూడదా?” అన్నాడు.

“మబ్బుకి ఎనిమిది పుల్లలుండవు సార్.”

“సహజ వాతావరణంలో భాగం అని రాద్దాం.”

“మబ్బు గిన్నె మీద కూడా పడుతుంది సార్. ఇది బోర్డుల మీదే పడింది.”

“నీ కన్ను గురించి ఆలోచించావా?”

“దాని గురించి ఆలోచించే గొడుగు పెట్టించుకున్నా సార్.”

ఆయన పాపం చెడ్డవాడు కాదు. చీటీని రెండుసార్లు పక్కన పెట్టి చూశాడట, అది తనంతట తాను పోతుందేమోనని. పోలేదు. చేత్తో రాసిన చీటీకి సంఖ్య పడ్డాక చించడం కుదరదు. సంఖ్య వదినే వేసి తెచ్చింది.

కింది వరస ఆరూ లెక్కలోంచి తీసేశారు. వాటి బదులు పార్టీ దగ్గర మిగిలిన ఆరు కొత్త బోర్డులు తెప్పించి, కోసి, కవలల్ని చేసి, ఎండబిడ్డల్ని చట్రం మీద బిగించారు. మళ్లీ వెయ్యి రోజులు. ఇది కొత్త పరీక్ష అయితే ఇంకెవరైనా ఎక్కేవాళ్లు. కానీ ఇది పాత పరీక్షే, ఆ సంఖ్యే, సగం మిగిలిపోయింది. మొదలుపెట్టినవాళ్లే ముగించాలి. కన్ను మారకూడదు.

చీకటి బాబాయి రిటైరైన రోజున ప్యాకింగు ఆవిడ ఆ కుర్చీలో కూర్చుంది. మంచావిడ. ఇప్పటికీ వంద రోజులకోసారి వదిన ఎండబిడ్డల్ని దింపుకొచ్చినప్పుడు, లేచి ఆ కుర్చీ వదినకు ఇచ్చి తను నిలబడుతుంది. పని అయ్యేదాకా, అరగంట.

ఇవాళ రెండు వందల పద్నాలుగో రోజు. గొడుగు మా ఇంట్లో తలుపు వెనక ఉంది. వానొచ్చినా ఎవరూ దాన్ని తెరవరు, తడుస్తూనే వెళతారు. వదిన కంట్లో కండ నల్లగుడ్డు అంచును తాకింది. డాక్టరు కోస్తానంటాడు. కోస్తే పదిహేను రోజులు కట్టు విప్పకూడదు. పదిహేను రోజులు మూడింటికి రంగు ఎవరు చూస్తారు? అందుకని కోయించుకోలేదు. నేను రోజూ రెండున్నరకు కొట్టు మూసి ఆ వీధిలోంచి వెళ్లి తలెత్తి చూస్తాను. వాచ్‌మన్ ఇప్పుడు నన్ను లోపలికి రానివ్వడు, రూలట. డాబా గోడ మీంచి వదిన తలకు చుట్టుకున్న గుడ్డ ఒక్కటే కనిపిస్తుంది. చెయ్యి ఊపుతాను. నన్ను చూస్తుందో లేదో తెలియదు, ఎండ నా వెనక ఉంటుంది.

ఈ కథ నేను కొట్టుకొచ్చినవాళ్లందరికీ చెబుతూ ఉంటాను. సూర్యుడికి మెమో ఇచ్చిన ఆడమనిషి, నీడను పట్టుకుని సుద్దతో కట్టేసిన ఆడమనిషి, మేనేజరును మబ్బుతో సహా గదిలోంచి తరిమిన ఆడమనిషి మా వదిన అని. మొన్న సెలవు రోజున అలాగే చెబుతుంటే వదిన మూడో విడత ముగించుకుని అటే వచ్చింది. చేతిలో కంటిచుక్కల సీసా ఉంది. గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది. వినేవాళ్లు పక్కకు జరిగి, “నిజమేనా అమ్మా? సూర్యుడికే ఇచ్చారా?” అని అడిగారు.

వదిన సీసా మూత బిగించి, నా బల్ల మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, చుక్కలు వెయ్యమని సీసా నా చేతికిచ్చింది.

“సూర్యుడికి కాదండీ, మెమో నాకిచ్చారు. పనివేళల్లో నీడలో కూర్చున్నందుకు.”